ప్రాణశక్తి చికిత్సలు – వైద్యవిద్యార్థుల ఆందోళన

పరీక్షల కాలం సమీపించిందంటే ఆలయ ప్రాంగణంలో ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. హాల్ టికెట్లు, కలాలు చేతబట్టుకొని విద్యార్థులు వరుసలో నిలుచుంటారు. వాటిని ఒక్క క్షణం స్వామివారి పాదాల చెంత ఉంచి ఇవ్వవలసిందిగా అర్చకస్వాములను అభ్యర్థిస్తారు. వారిలో నర్సింగ్, ఎం.బి.బి.ఎస్., ఫార్మసీ, ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలు కూడా ఎందరో ఉంటారు. రేపు మన నాడి పట్టి చూడవలసిన చేతులు అవి. తీర్థం అందుకొనే వేళ ఆ చేతులే వణకడం గమనించిన తల్లిదండ్రుల మనస్సు ఎంత కలత చెందుతుందో వేరుగా చెప్పనవసరం లేదు.

అటువంటి తల్లిదండ్రులకు నేడు నలుదిక్కుల నుండి సలహాలు అందుతున్నాయి. ‘రేకి చేయించండి’, ‘ప్రాణిక్ హీలింగ్ శిబిరానికి పంపండి’, ‘వేళ్లతో తట్టుకొనే పద్ధతి ఒకటుంది, నేర్పించండి’ అని ఆప్తులు చెబుతుంటారు. ఇవన్నీ ప్రాణశక్తి పేరుతో ప్రచారంలో ఉన్న చికిత్సలు. ‘ప్రాణం’ అనే మాట మన శాస్త్రాలలోనిది కాబట్టి వినగానే నమ్మకం కలగడం సహజం. అయితే వీటివల్ల నిజంగా ఆందోళన తగ్గుతుందా? తగ్గితే దేనివల్ల తగ్గుతుంది? ఎంతవరకు వీటిని ఆశ్రయించవచ్చు? ఎక్కడ ఆగి వైద్యుని కలవాలి? ఈ ప్రశ్నలకు సమాధానాలను భక్తుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆందోళన అంటే ఏమిటి?

భగవద్గీత ప్రథమాధ్యాయంలో అర్జునుడు తన స్థితిని తానే వర్ణించుకొన్నాడు. అవయవాలు పట్టు తప్పుతున్నాయని, నోరు ఎండిపోతున్నదని, శరీరం కంపిస్తున్నదని, రోమాలు నిక్కబొడుచుకొంటున్నాయని, గాండీవం చేతినుండి జారిపోతున్నదని, నిలువలేకపోతున్నానని, మనస్సు గిర్రున తిరుగుతున్నట్లున్నదని శ్రీకృష్ణ పరమాత్మకు విన్నవించుకొన్నాడు. నేటి వైద్యుడు తీవ్రమైన ఆందోళన లక్షణాలను వ్రాయవలసివస్తే ఇంచుమించు ఇదే పట్టిక వ్రాస్తాడు. అంతటి పరాక్రమవంతునికే ఆ స్థితి కలిగినప్పుడు పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలకు కలిగితే దానిని పిరికితనమని తేలికగా తీసిపారవేయరాదు.

ఆ సమయంలో శరీరంలో జరిగే మార్పు ఇది. ఏదో ప్రమాదం ఎదురైందని మెదడు భావించిన మరుక్షణం నాడీవ్యవస్థ దేహాన్ని పోరాటానికో పలాయనానికో సిద్ధం చేస్తుంది. మూత్రపిండాల పైభాగంలో ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, ఆపైన కార్టిసాల్‌ను రక్తంలోకి విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది. శ్వాస పైపైన ఆడుతుంది. అరచేతులకు చెమట పడుతుంది. కడుపులో తిప్పినట్లవుతుంది. పులి ఎదురైనప్పుడు ప్రాణాలను కాపాడే ఏర్పాటు ఇది. ప్రశ్నపత్రం ఎదురైనప్పుడు కూడా శరీరం అదే ఏర్పాటు చేసుకోవడంతోనే చిక్కు వస్తున్నది.

కొద్దిపాటి ఉద్విగ్నత వల్ల మేలే జరుగుతుంది. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన ప్రయోగాల నుండి ఒక సూత్రం ప్రచారంలోకి వచ్చింది. ఉత్తేజం మితంగా ఉన్నంతవరకు పని నేర్పు పెరుగుతుందని, హద్దు మీరితే అదే నేర్పు తగ్గిపోతుందని దాని సారాంశం. వంటకు మంట ఎంత అవసరమో చదువుకు కొంత ఉద్విగ్నత అంత అవసరం. మంట ఎక్కువైతే కుండలోని అన్నమే మాడిపోతుంది. కాబట్టి ఆందోళనను పూర్తిగా తుడిచివేయాలనుకోవడం కన్నా దానిని మితంలోనికి తెచ్చుకోవడమే సరైన లక్ష్యం.

వైద్యవిద్యలో ఇంత ఒత్తిడి ఎందుకు?

ఏ చదువులోనైనా పరీక్షల భయం ఉంటుంది. వైద్యవిద్యలో దానికి మరొక భారం తోడవుతుంది. మొదటి సంవత్సరంలోనే మృతదేహం ముందు నిలబడి శరీర నిర్మాణం నేర్చుకోవాలి. నర్సింగ్ విద్యార్థిని పుస్తకంలో చదివిన ఇంజెక్షన్‌ను ఒకనాడు నిజమైన రోగికి, పర్యవేక్షకురాలి కళ్లెదుట ఇవ్వాలి. లెక్క తప్పితే మార్కులు పోవడంతో ఆగదనీ, ఎదుటివారి ప్రాణానికే ముప్పనీ ఆమెకు తెలుసు. రాత్రి డ్యూటీ ముగించుకొని ఉదయం తరగతికి హాజరు కావాలి. నిన్నటి వరకు పలకరించిన రోగి ఈరోజు మంచంపై లేకపోతే ఆ దుఃఖాన్ని దిగమింగుకొని పక్క మంచం దగ్గరకు నడవాలి. తెలుగు మాధ్యమంలో చదివివచ్చిన పిల్లలకు ఇంగ్లీషు పాఠ్యగ్రంథాలు, అధ్యాపకుల ఎదుట నోటితో సమాధానం చెప్పవలసిన వైవా పరీక్షలు అదనపు భారం. ఇంటి దగ్గర నాన్నగారు చేసిన అప్పు ఎప్పుడూ మనస్సులో మెదులుతూనే ఉంటుంది.

ఇది కొద్దిమంది బాధ కాదని గణాంకాలు తెలియజేస్తున్నాయి. వివిధ దేశాలలో జరిగిన 69 అధ్యయనాలను, 40,348 మంది వైద్యవిద్యార్థుల వివరాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2019లో వెలువడింది. దాని ప్రకారం ప్రతి ముగ్గురిలో ఒకరు, అనగా 33.8 శాతం మంది, ఆందోళనతో బాధపడుతున్నారు. మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో ఒక నివేదిక సమర్పించింది. ఆ సర్వేలో పాల్గొన్న 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులలో 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్యలు ఉన్నట్లు తెలిపారు. కాబట్టి ‘మా అమ్మాయికే ఎందుకిలా?’ అని కుమిలిపోయే తల్లిదండ్రులు తాము ఒంటరివారము కామని గ్రహించాలి.

ప్రాణశక్తి చికిత్సలు ఏవి?

మానవదేహం చుట్టూ, దేహంలోపల ఒక సూక్ష్మశక్తి ప్రవహిస్తూ ఉంటుందని, ఆ ప్రవాహానికి అడ్డంకి ఏర్పడితే వ్యాధి, వ్యాకులత కలుగుతాయని, దానిని సరిచేస్తే స్వస్థత చేకూరుతుందని ఈ పద్ధతులన్నిటికీ మూలమైన భావన. వీటిలో ఎక్కువగా వినవచ్చేవి నాలుగైదు.

రేకి జపాన్ దేశంలో పుట్టింది. మికావో ఉసుయి అనే సాధకుడు 1922లో క్యోటో నగరానికి సమీపంలోని కురామ పర్వతంపై ఉపవాస ధ్యానాలు చేసి దీనిని పొందినట్లు ఆ సంప్రదాయం వారు చెబుతారు. జపాన్ భాషలో ‘కి’ అంటే జీవశక్తి. ఆయన శిష్యపరంపరలోని హవాయో టకాటా అనే మహిళ ద్వారా ఇది హవాయి దీవులకు, అక్కడినుండి అమెరికాకు చేరింది. చికిత్స చేసేవారు రోగి తల, భుజాలు, ఉదరం మొదలైన చోట్ల అరచేతులను మృదువుగా ఆన్చి కొన్ని నిమిషాలపాటు ఉంచుతారు.

థెరప్యూటిక్ టచ్ అనే పద్ధతి నర్సింగ్ వృత్తిలోనే జన్మించింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ ఆచార్యురాలు డొలోరెస్ క్రీగర్, ఆమెకు గురుతుల్యురాలైన డోరా కుంజ్ కలిసి 1970వ దశకం ప్రారంభంలో దీనిని రూపొందించారు. డోరా కుంజ్ తరువాతి కాలంలో అమెరికా దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షురాలయ్యారు. ఆ సమాజపు అంతర్జాతీయ కేంద్రం మద్రాసులోని అడయారులో ఉన్నదని మన పాఠకులలో చాలామందికి తెలుసు. క్రీగర్ తన పద్ధతిని వివరించడానికి మన ‘ప్రాణ’ శబ్దాన్నే స్వీకరించారు. పేరులో స్పర్శ ఉన్నా, ఈ పద్ధతిలో చేతులను సాధారణంగా దేహానికి కొన్ని అంగుళాల దూరంలోనే కదిలిస్తారు. 1989లో అమెరికాలోని కొలరాడోలో జానెట్ మెంట్జెన్ అనే నర్సు ప్రారంభించిన హీలింగ్ టచ్ కూడా ఈ కోవకు చెందినదే.

ప్రాణిక్ హీలింగ్‌ను ఫిలిప్పీన్స్ దేశానికి చెందిన చోవా కోక్ సుయి 1980వ దశకంలో ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో దేహాన్ని తాకరు. ముఖంపైన, ఛాతీపైన, చేతులపైన కొన్ని నిర్ణీత స్థానాలను వేళ్లతో తట్టుకొంటూ తన భయాన్ని తానే మాటలలో చెప్పుకొనే పద్ధతి మరొకటి ఉన్నది. 1990వ దశకంలో గ్యారీ క్రెయిగ్ రూపొందించిన దీనిని ‘ఇ.ఎఫ్.టి.’ అంటారు. పరీక్షకు ముందు ఎవరికి వారు చేసుకోగలిగినది కావడంతో విద్యార్థులలో దీనికి ఆదరణ ఎక్కువ.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. వైద్యునిచే నిర్ణయింపబడిన చికిత్సను మానకుండా, దానికి తోడుగా ఆచరించేది అనుబంధ చికిత్స. దానిని మాని, దాని స్థానంలో ఆచరించేది ప్రత్యామ్నాయ చికిత్స. పద్ధతి ఒకటే కావచ్చు. తోడుగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయనిదే, చికిత్స స్థానాన్ని ఆక్రమించినప్పుడు ప్రమాదకరం కాగలదు.

మన శాస్త్రాలలోని ప్రాణం

తైత్తిరీయోపనిషత్తు మనిషిని ఐదు కోశాలుగా వివరించింది. అన్నమయ కోశం లోపల ప్రాణమయం, దాని లోపల మనోమయం, ఆపైన విజ్ఞానమయ, ఆనందమయ కోశాలు ఉన్నాయని బోధించింది. ప్రశ్నోపనిషత్తు ప్రాణం తనను తాను ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానాలుగా విభజించుకొని దేహాన్ని నడిపే తీరును చెప్పింది. ఈ బోధల గమ్యం ఆత్మజ్ఞానం. స్థూలం నుండి సూక్ష్మానికి సాధకుని నడిపించడానికి ఋషులు వేసిన మెట్లు అవి. గంటకు ఇంత రుసుము చొప్పున ఒకరి అరచేతినుండి మరొకరికి ప్రాణాన్ని ఎక్కించవచ్చునని ఈ ఉపనిషద్వాక్యాలలో ఎక్కడా లేదు. కాబట్టి ‘ప్రాణం’ అనే పేరు వినబడినంత మాత్రాన ఆ చికిత్సకు శాస్త్రప్రమాణం ఉన్నదని భావించనక్కరలేదు. దానిని పరీక్షించి చూడడం శాస్త్రాలను అగౌరవపరచడమూ కాదు.

పతంజలి మహర్షి యోగసూత్రాలలో చెప్పిన ఒక విషయం మన ప్రస్తుతాంశానికి మరింత దగ్గరగా ఉన్నది. మనస్సు చెదిరినప్పుడు దుఃఖం, నిరుత్సాహం, అంగాల వణకు, శ్వాస గతి తప్పడం అనే నాలుగూ వెంట వస్తాయని ఆయన గుర్తించారు. వాటిని శమింపజేసే ఉపాయాలలో ఇతరులపట్ల మైత్రిని, కరుణను పెంపొందించుకోవడాన్ని, నిశ్వాసను నియమించడాన్ని చేర్చారు. ఈ రెండు ఉపాయాలకు పరికరాలు అక్కరలేదు, రుసుమూ అక్కరలేదు.

పరిశోధనలు ఏమి తెలియజేస్తున్నాయి?

చికిత్స పొందిన విద్యార్థి ‘నాకు హాయిగా ఉన్నది’ అని చెప్పడం నిజమే కావచ్చు. కాని ఆ హాయి చేతులలోని శక్తి వల్ల కలిగిందా, మరొకదాని వల్లనా అని తేల్చడానికి ఆ మాట ఒక్కటే చాలదు. పరీక్ష ముగిస్తే ఆందోళన దానంతట అదే తగ్గుతుంది. అందువల్ల పరిశోధకులు విద్యార్థులను సమూహాలుగా విభజిస్తారు. ఒక సమూహానికి శిక్షణ పొందినవారు చికిత్స చేస్తారు. మరొక సమూహానికి ఏ శిక్షణా లేనివారు అవే భంగిమలలో చేతులు ఉంచి నటిస్తారు. రెండింటిలోనూ ఒకే ఫలితం వస్తే, ఆ ఫలితానికి కారణం ప్రత్యేకమైన శక్తి కాదని తెలుస్తుంది. ఈ విద్యార్థులపై జరిగిన అధ్యయనాలలో చాలా వరకు కొద్దిమందితో చేసినవి. పోల్చి చూడడానికి రెండవ సమూహమే లేనివి కూడా ఉన్నాయి.

1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక చిన్న ప్రయోగం వివరాలు ప్రచురితమై ప్రపంచ దృష్టిని ఆకర్షించాయి. దానిని చేసినది ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల బాలిక. థెరప్యూటిక్ టచ్ అభ్యసించిన 21 మందిని ఆమె పరీక్షించింది. వారు ఒక అడ్డుతెర రంధ్రాలలోనుండి రెండు చేతులు ముందుకు చాచాలి. అవతలి వైపున ఎమిలీ నాణెం ఎగురవేసి, వారి చేతులలో ఒకదానిపై కొద్దిపాటి దూరంలో తన చేతిని ఉంచేది. ఏ చేతి దగ్గర శక్తి తెలుస్తున్నదో వారు చెప్పాలి. కళ్లు మూసుకొని ఊహించినా సగంసార్లు సరిపోవాలి. వారు మాత్రం 280 పర్యాయాలలో 123 సార్లే, అనగా 44 శాతమే, సరిగా చెప్పగలిగారు. ఆ చికిత్స పొందినవారికి హాయి కలుగుతుందా, లేదా అన్నది ఈ ప్రయోగం పరీక్షించలేదు. అభ్యాసకులు తాము గ్రహిస్తున్నామని చెప్పే శక్తిని నిజంగా గ్రహించగలరా అన్న ఒక్క ప్రశ్ననే పరీక్షించింది.

తట్టే పద్ధతిపై 2003లో ప్రచురితమైన మరొక ప్రయోగం ఇంకా ఆసక్తికరం. అందులో 119 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను నాలుగు సమూహాలు చేశారు. ఒక సమూహం నిర్ణీత స్థానాలపై తట్టుకొన్నది. రెండవది చేతిపై ఏ ప్రాముఖ్యమూ లేని చోట్ల తట్టుకొన్నది. మూడవ సమూహం తమ దేహాన్ని వదిలి ఒక బొమ్మను తట్టింది. నాలుగవ సమూహం ఏదీ తట్టలేదు. మొదటి మూడు సమూహాలకూ భయం తగ్గింది. బొమ్మను తట్టినా ఫలితం వచ్చిందంటే, ఆ మేలు స్థానాలలోని శక్తిప్రవాహం వల్ల కలగలేదని స్పష్టమవుతున్నది.

వైద్య పరిశోధనలను నిష్పాక్షికంగా సమీక్షించే కాక్రేన్ సంస్థ 2015లో రేకిని పరిశీలించింది. ఆందోళన, కుంగుబాటుకు సంబంధించి వారికి లభించినవి 3 అధ్యయనాలు, 124 మంది వివరాలు మాత్రమే. రేకి ఉపయోగపడుతుందనిగాని, పడదనిగాని చెప్పడానికి ఆ ఆధారాలు చాలవని వారు నిర్ణయించారు. ఆందోళన రుగ్మతలకు థెరప్యూటిక్ టచ్‌పై 2007లో చేసిన సమీక్షలో ప్రమాణాలకు తగిన ఒక్క అధ్యయనమూ లభించలేదు.

మరి ఉపశమనం ఎలా కలుగుతున్నది?

ఒక నర్సింగ్ విద్యార్థిని రేకి శిబిరానికి వెళ్లినదనుకొందాం. హాస్టలు గదిలోని సందడి లేని ప్రశాంతమైన చోట ఆమెను పడుకోబెడతారు. చేతిఫోను పక్కన పెట్టిస్తారు. ఒక పెద్దావిడ పక్కన కూర్చొని ‘ఏమమ్మా, ఎలా ఉన్నావు?’ అని నెమ్మదిగా అడుగుతుంది. అరగంట సేపు మరే పనీ పెట్టుకోకుండా ఆమెకోసమే కూర్చుంటుంది. నుదుటిపై, భుజంపై మృదువుగా చేయి ఉంచుతుంది. విద్యార్థిని శ్వాస తెలియకుండానే దీర్ఘమవుతుంది. వారం రోజులుగా నిద్ర చాలని పిల్ల అక్కడే కునుకు తీస్తుంది. లేచిన తరువాత ఆమె మనస్సు తేలికపడకుండా ఎలా ఉంటుంది?

ఇందులో ప్రతి అంశానికీ శరీరశాస్త్రం చెప్పగల కారణం ఉన్నది. మన చర్మంలో నెమ్మదైన మృదుస్పర్శకు చక్కగా స్పందించే ప్రత్యేక నాడీతంతువులు ఉన్నాయి. తల్లి తల నిమిరితే బిడ్డ ఏడుపు మానడానికి అవి తోడ్పడతాయి. నిశ్వాస దీర్ఘమైనప్పుడు వేగస్ అనే నాడి ప్రభావం పెరిగి గుండె వేగం తగ్గుతుంది. తగ్గుతుందనే నమ్మకం కూడా కొంత మేలు చేస్తుంది. తనను ఒకరు శ్రద్ధగా విన్నారన్న భావన వీటన్నిటికన్నా గొప్పది.

ఇటలీకి చెందిన పరిశోధకులు 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ స్మరించదగినది. 23 మంది ఆరోగ్యవంతులు క్రైస్తవ జపమాల ప్రార్థనను లాటిన్‌లోను, ఒక టిబెటన్ బౌద్ధ మంత్రాన్ని జపరూపంలోను పఠించారు. రెండు సందర్భాలలోను వారి శ్వాస నిమిషానికి సుమారు 6 సార్లకు దిగివచ్చింది. రక్తపోటును సర్దుబాటు చేసే దేహప్రతిచర్య మెరుగుపడింది. మతం వేరైనా, భాష వేరైనా జపం శ్వాసకు ఒకే లయను నేర్పింది. మన పెద్దలు సంధ్యావేళ నామజపం చేయమని ఎందుకు చెప్పేవారో దీనినిబట్టి కొంతైనా బోధపడుతుంది.

కాబట్టి మన నిర్ణయం ఇది. శక్తి ప్రసరణ అనే వివరణకు ఆధారం లేదు. ఆ గదిలో లభించిన విశ్రాంతి, స్పర్శ, శ్వాస, శ్రద్ధ అనే నాలుగూ యథార్థమైనవి. వీటిని విద్యార్థికి ఇంటిలోనూ, కళాశాలలోనూ, ఆలయంలోనూ ఉచితంగా అందించవచ్చు.

విద్యార్థులు స్వయంగా ఆచరించదగినవి

నిటారుగా, సుఖంగా కూర్చోండి. మనస్సులో నాలుగు అంకెలు లెక్కించే వరకు ముక్కుతో గాలి పీల్చండి. ఆరు అంకెలు లెక్కించే వరకు నెమ్మదిగా విడవండి. ఒక అంకె ఒక సెకను అయితే నిమిషానికి సరిగ్గా 6 శ్వాసలు అవుతాయి. ఐదు నిమిషాలు చాలు. అంకెలకు బదులు ఇష్టదైవ నామాన్ని ఆ లయలో స్మరించవచ్చు. శ్వాసను బిగబట్టనవసరం లేదు. తల తిరిగినట్లనిపిస్తే మాని, మామూలుగా శ్వాసించండి. ఉబ్బసం వంటి వ్యాధులున్నవారు వైద్యుని అడిగి ప్రారంభించాలి. దీనిని పరీక్షనాడే మొదలుపెట్టకుండా కొన్ని వారాల ముందునుండి నిత్యం అభ్యసిస్తే అవసరమైన వేళ అక్కరకు వస్తుంది.

వార్డులో మొదటిసారి ఇంజెక్షన్ ఇవ్వబోయే ముందు ఒక్క దీర్ఘనిశ్వాస విడిచి, రెండు పాదాలూ నేలను తాకుతున్న స్పర్శను గమనించండి. చేయబోయే పని మెట్లను మనస్సులో వరుసగా చెప్పుకోండి. సందేహం ఉంటే పర్యవేక్షకురాలిని అడగండి. అడగడం చిన్నతనం కాదు, రోగికి రక్షణ. రాత్రి డ్యూటీ తరువాత నిద్రను మిగతా అన్నిటికన్నా ముందు ఉంచండి. కాఫీ, టీలు ఎక్కువైతే గుండెదడ, నిద్రలేమి పెరుగుతాయని మీరు పాఠాలలో చదువుకొన్నదే. తట్టే పద్ధతో, రేకియో మీకు హాయినిస్తే తోడుగా చేసుకోండి. దానిని చదువుకు, నిద్రకు, వైద్యానికి బదులుగా భావించకండి.

ఎక్కడ జాగ్రత్త వహించాలి?

ఏ చికిత్సకుడైనా ‘మందులు మానేయండి, నేను చూసుకొంటాను’ అంటే అక్కడినుండి వెంటనే బయటకు రండి. మానసిక వైద్యుడు వ్రాసిన మందులను హఠాత్తుగా మానడం ప్రమాదకరం. ‘మీ పిల్లపై చెడుశక్తి ఉన్నది, ఇన్ని శిబిరాలకు రుసుము కట్టాలి’ అని భయపెట్టేవారిని దరిచేరనీయకండి. తాకే పద్ధతి ఏదైనా విద్యార్థి సమ్మతితో, తలుపు మూయని చోట, కోరుకొన్న తోడు ఉండగా జరగాలి. పిల్ల ‘వద్దు’ అంటే అదే తుదిమాట.

ఆందోళన రెండు వారాలకు మించి విడవకపోతే, నిద్రాహారాలు దెబ్బతింటే, తరగతులకు, డ్యూటీలకు వెళ్లలేకపోతే, ఉన్నట్టుండి గుండెదడతో ప్రాణం పోతుందన్న భయం పదేపదే కలిగితే వైద్యుని సంప్రదించాలి. సుశిక్షితులైన మనస్తత్వ నిపుణులు మాటల ద్వారా చేసే చికిత్సలకు, అవసరమైతే మందులకు మంచి ఫలితాలున్నాయి. ‘నేను లేకపోతేనే మేలు’ అన్న మాట పిల్లల నోట వస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయరాదు. వారిని ఒంటరిగా విడువరాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవను 14416 సంఖ్యపై రాత్రింబవళ్లు, ఉచితంగా పొందవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. ఈ సంఖ్యను పూజగది గోడపై వ్రాసుకొన్నా తప్పులేదు.

తల్లిదండ్రులకు, దాతలకు మనవి

హాస్టలులో ఉన్న బిడ్డకు ఫోను చేసినప్పుడు మొదటి మాటగా ‘మార్కులెన్ని వచ్చాయి?’ అని అడగకండి. ‘తిన్నావా నాన్నా? నిద్రపోయావా?’ అని అడగండి. ‘పక్కింటి అబ్బాయి చూడు’ అన్న పోలికను విడిచిపెట్టండి. ‘ఈ సబ్జెక్టు పోతే మళ్లీ వ్రాద్దువుగాని, ముందు ఇంటికి రా’ అన్న ఒక్క మాటకు ఎంత బలం ఉన్నదో ఆ మాట విన్న బిడ్డకే తెలుస్తుంది. ‘ఏం జరిగిందో చెప్పు’ అని అడిగి, మధ్యలో అడ్డురాకుండా పది నిమిషాలు వినండి.

విద్యాదానం చేయదలచిన దాతలు ఫీజులతో పాటు ఈ అవసరాన్నీ గమనించవలసిందిగా ప్రార్థన. ఒక నర్సింగ్ కళాశాలకు వారానికి ఒకనాడైనా మనస్తత్వ నిపుణులు వచ్చి కూర్చొనే ఏర్పాటుకు చేయూతనివ్వవచ్చు. రాత్రి డ్యూటీ నుండి వచ్చిన పిల్లలు పగలు నిద్రించడానికి సందడి లేని గదిని సమకూర్చవచ్చు. పదవీవిరమణ చేసిన నర్సులు, వైద్యులు నెలకు రెండు గంటలు కేటాయించి, తమ తొలినాటి తప్పులను, భయాలను కొత్తవారితో పంచుకొంటే అదీ గొప్ప దానమే. ‘మొదటి ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు నా చేయి కూడా వణికిందమ్మా’ అని ముప్పై ఏళ్ల అనుభవం గల సిస్టరమ్మ చెబితే, విన్న పిల్లకు కలిగే ధైర్యం ఏ శిబిరంలోనూ కొనలేనిది.

అర్జునుని విషయానికి మరల వద్దాం. శ్రీకృష్ణుడు చేయి ఊపి అతని భయాన్ని మాయం చేయలేదు. తొలుత మందలించినా, అతడు శరణు వేడిన పిమ్మట ప్రతి సందేహాన్నీ ఓపికగా విన్నాడు, ప్రతి ప్రశ్నకూ సమాధానం చెప్పాడు. చివరకు బాగా ఆలోచించి నీకు తోచినట్లు చేయుమని నిర్ణయాన్ని అతనికే విడిచిపెట్టాడు. జారిపోయిన గాండీవాన్ని అర్జునుడు తన చేతితోనే తిరిగి ఎత్తుకొన్నాడు. ఆలయానికి వచ్చే వైద్యవిద్యార్థుల పక్కన కూడా అలా ఓపికగా నిలిచే పెద్దలు ఉండాలి. నేడు ఆ పిల్లలకు మనం ఇచ్చే ధైర్యం, రేపు ఏదో ఒక వార్డులో మన ఇంటివారి మంచం పక్కన వణకని చేయిగా తిరిగివస్తుంది.

శుభం భూయాత్.